ఎర్రర్ చూపించిన ఫైల్ భద్రం, చూపించని ఫైలే పోయింది: ఒక ఫైల్ మేనేజర్ ప్యాకేజీ కేస్ స్టడీ

డెబియన్ అనే లినక్స్ పంపిణీలో నేను మెయింటెయిన్ చేసే ఒక గ్రాఫికల్ ఫైల్ మేనేజర్ ప్యాకేజీకి వచ్చిన కేసు ఇది. ప్రోగ్రామ్ పేరు, దాన్ని రాసినాయన పేరు, రిపోర్ట్ పంపినవాళ్ల వివరాలు ఇవ్వడం లేదు. ఫైళ్ల పేర్లు కూడా మార్చాను. ప్యాకేజింగ్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్లకి, సీ భాషలో ఫైళ్లని కాపీ చేసే కోడ్ ఎప్పుడైనా రాయాల్సి వచ్చేవాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను. ఏం చేశామన్నదానికంటే ప్రతి మలుపులో ఎందుకలా నిర్ణయించామన్నదే ఎక్కువ చెప్తాను.

నేపథ్యం

ప్రోగ్రామ్ చాలా ఏళ్ల నాటిది. సీలో రాసింది, జీటీకే అనే గ్రాఫికల్ లైబ్రరీ మీద నడుస్తుంది, పక్కపక్కన రెండు పేన్లు ఉంటాయి, ఇటు నుంచి అటు ఫైళ్లు లాగి పడేయొచ్చు. మెమరీ తక్కువ తింటుంది కాబట్టి పాత లాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు దీన్ని వదిలిపెట్టరు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీల సేకరణ అయిన పోర్ట్స్‌లో కూడా ఉంది. అప్‌స్ట్రీమ్, అంటే ప్రోగ్రామ్‌ని అసలు రాసి విడుదల చేసేది, ఒకే ఒక్కాయన, ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు చూసుకుంటాడు. మెయిల్ పెడితే జవాబుకి వారాలు పట్టొచ్చు గానీ తప్పకుండా ఇస్తాడు.

ఇలాంటి ప్యాకేజీకి మెయింటెయినర్‌గా ఉండటమంటే ప్రోగ్రామ్ రాయడం కాదు. కొత్త విడుదల వస్తే తెచ్చి బిల్డ్ చేయాలి, కంపైలర్ మారినప్పుడు విరిగినవి సరిచేయాలి, ప్యాచ్‌లు మోయాలి, వచ్చిన ప్రతి బగ్ రిపోర్ట్‌నీ చదివి అది ఎంత తీవ్రమైనదో తేల్చాలి. ఈ చివరి పని బయటికి కనపడదు కానీ అసలు బరువంతా దానిదే. కేసు వచ్చేనాటికి ప్యాకేజీలో పైకి ఏ లోపమూ లేదు. ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ ఏమీ అనడం లేదు, బిల్డ్ లాగ్‌లో వార్నింగ్‌లు లేవు, ఎన్నిసార్లు బిల్డ్ చేసినా ఒకే ఫలితం రావాలన్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ పరీక్ష కూడా పాస్.

వచ్చిన ఫిర్యాదు

2025 మే 15న డెబియన్ 13, అంటే ట్రిక్సీకి హార్డ్ ఫ్రీజ్ మొదలైంది, అంటే విడుదలకి ముందు ముఖ్యమైన సవరణలు తప్ప వేరే మార్పులు ఒప్పుకోని దశ. ఆ తర్వాత కొద్ది రోజులకే ఈ రిపోర్ట్ వచ్చింది. రిపోర్ట్ పంపినాయన స్కాన్ చేసిన పాత కాగితాల ఫోల్డర్ ఒకటి కట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేశాడు. మధ్యలో డైలాగ్ బాక్స్ వచ్చింది, ఫలానా ఫైల్ కాపీ కాలేదు, డివైస్‌లో చోటు లేదు అని. సరే అని మూసేసి చూసుకుంటే, డైలాగ్‌లో పేరు కనిపించిన ఫైల్ పాత చోట చెక్కుచెదరకుండా ఉంది. దానికి ముందు వెళ్లిన ఫైల్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో తెరుచుకోవడం లేదు, పాత చోట లేదు. ఆ ఫైల్ గురించి ఎవరూ ఏ ఎర్రరూ చూపించలేదు.

మొదటి నిర్ణయం తీవ్రత గురించి. డెబియన్ నియమాల ప్రకారం డేటా పోయే బగ్ గ్రేవ్ కిందకి వస్తుంది. గ్రేవ్ అంటే రిలీజ్ క్రిటికల్, సకాలంలో సరిచేయకపోతే టెస్టింగ్ నుంచి, అంటే తర్వాతి విడుదల తయారయ్యే విభాగం నుంచి, ప్యాకేజీని తీసేస్తారు. హార్డ్ ఫ్రీజ్‌లో ఒకసారి తీసేస్తే ఆ విడుదలలోకి మళ్లీ రావడం దాదాపు అసాధ్యం. అందుకే కారణం తెలిసేదాకా దీన్ని ఒక మెట్టు దించి పెడదాం, ఒకరికే జరిగింది కదా, పెన్‌డ్రైవ్ పాడై ఉండొచ్చు కదా అని తోటి వాలంటీర్ ఒకరు సూచించారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ నేను గ్రేవ్‌గానే ఉంచాను. ఫైల్ మేనేజర్‌కి రంగులు సరిగ్గా రాకపోయినా, ఐకాన్లు కనపడకపోయినా జనం సర్దుకుంటారు. ఫైల్‌ని ఒకచోట నుంచి ఇంకోచోటికి క్షేమంగా చేర్చలేకపోతే ఇక అది ఎందుకు? ఒక్కరికే జరిగిందన్నది కూడా నమ్మదగ్గ లెక్క కాదు, ఎందుకంటే ఇలాంటి నష్టం జరిగినట్టు చాలామందికి తెలియనే తెలియదు. నెలల తర్వాత ఫైల్ తెరిచినప్పుడు పాడైందని చూసి పెన్‌డ్రైవ్‌నే తిట్టుకుంటారు.

ముందు అనుమానించినవి

పెన్‌డ్రైవ్‌ల విషయంలో రెండు మామూలు కారణాలుంటాయి. ఒకటి, అన్‌మౌంట్ చేయకుండా లాగేయడం. లినక్స్ రాయమన్నది వెంటనే డ్రైవ్ మీద రాయదు, మెమరీలో పెట్టుకుని తర్వాత పంపిస్తుంది కాబట్టి మధ్యలో లాగితే మెమరీలో ఉన్నది పోతుంది. రెండోది, నకిలీ డ్రైవ్‌లు. పైన రాసిన కెపాసిటీ ఒకటి, లోపల ఉన్న చిప్ ఒకటి. నిండేదాకా బాగానే రాస్తున్నట్టు నటిస్తాయి, తిరిగి చదివితే చెత్త వస్తుంది. డెబియన్‌లోనే ఉన్న ఎఫ్3 అనే టూల్‌తో పరీక్షించమని అడిగితే ఆయన ఓపిగ్గా నడిపి ఫలితం పంపాడు. డ్రైవ్ అసలుదే. అన్‌మౌంట్ చేశాకే తీశానని, కెర్నెల్ లాగ్‌లో కూడా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ ఒక్కటీ లేదని చూపించాడు.

తర్వాత నా దగ్గర అదే పరిస్థితి తెప్పించాలని చూశాను. ఒక ఇమేజ్ ఫైల్ సృష్టించి, దానిమీద ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ వేసి, నిజమైన డ్రైవ్‌లా కనపడేలా లూప్ డివైస్‌గా మౌంట్ చేసి, అందులో పట్టనంత పెద్ద వీడియోని కట్-పేస్ట్ చేశాను. ప్రోగ్రామ్ చేయాల్సింది చక్కగా చేసింది. నిండగానే ఆగింది, ఎర్రర్ చూపించింది, అసలు ఫైల్‌ని ముట్టుకోలేదు. ఎన్ని రకాల పెద్ద ఫైళ్లతో చూసినా అంతే. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదన్న పరిమితి ఉంది కదా, అది దాటే ఫైల్‌తో చూసినా ఎర్రర్ సరిగ్గానే వచ్చింది.

ఇక్కడ చాలా రిపోర్ట్‌లు ఆగిపోతాయి. మెయింటెయినర్ దగ్గర తిరిగి జరగలేదు, వివరాలు కావాలి అని గుర్తు పెట్టి వదిలేస్తారు. నేను వదలకపోవడానికి కారణం డైలాగ్ గురించి ఆయన రాసిన ఆ వాక్యమే. పోయిన ఫైల్‌కీ ఎర్రర్ వచ్చిన ఫైల్‌కీ మధ్య తేడా అంత స్పష్టంగా చెప్పగలిగిన మనిషి జాగ్రత్తగా గమనించినవాడు. పైగా పెన్‌డ్రైవ్ నిండిన సరిగ్గా ఆ క్షణానికి పక్కనే ఉన్న ఫైల్ పోవడం కాకతాళీయం అనిపించలేదు.

పనిచేయని ప్యాచ్

ఒక ఊహతో ప్యాచ్ రాశాను. కెర్నెల్ వెనకాల నెమ్మదిగా రాస్తున్నప్పుడు వచ్చే ఎర్రర్ ప్రోగ్రామ్‌కి తెలియడం లేదేమో, అసలు ఫైల్‌ని తీసేసే ముందు ఎఫ్‌సింక్ పిలిచి డ్రైవ్ మీదికి నిజంగా చేరిందని తేల్చుకుంటే సరిపోతుందేమో అని. వినడానికి బాగుంటుంది, సమీక్షలో ఎవరూ కాదనరు కూడా. కానీ తిరిగి తెప్పించలేని బగ్‌కి ప్యాచ్ వేస్తే అది పనిచేసిందో లేదో చెప్పే దారి ఉండదు. దానికితోడు చిన్న ఫైళ్లు వందల్లో ఉన్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌కి పంపితే ఒక్కో ఫైల్ దగ్గరా ఆగి ఆగి పని విపరీతంగా నెమ్మదించింది. ఫ్రీజ్‌లో ఉన్న ప్యాకేజీకి రుజువు లేని, అందరికీ ఇబ్బంది కలిగించే మార్పు పంపడం సరికాదని దాన్ని లోకల్ బ్రాంచ్‌లోనే ఉంచేశాను. తర్వాత తేలిందేమిటంటే ఇది ఈ బగ్‌ని ఎప్పటికీ పట్టుకోలేదు. ఎందుకంటే అక్కడ పట్టుకోవడానికి ఎర్రర్ అంటూ ఏమీ లేదు.

దారి చూపిన అంకె

పోయిన ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఎంత సైజుతో ఉందో బైట్లలో చెప్పమని అడిగాను. 98,304 అని వచ్చింది. అసలు ఫైల్ దాదాపు 400 కేబీ ఉండేదని ఆయనకి గుర్తు.

98,304 అంటే 32,768కి సరిగ్గా మూడు రెట్లు. ఫ్యాట్‌లో స్థలాన్ని క్లస్టర్ల లెక్కన ఇస్తారు, పెన్‌డ్రైవ్‌లలో 32 కేబీ క్లస్టర్ మామూలే. ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే టూల్‌ని రీడ్-ఓన్లీగా నడిపించి చూస్తే ఆయన డ్రైవ్‌దీ అంతే. అంటే ఆ ఫైల్ దగ్గరికి వచ్చేసరికి డ్రైవ్‌లో మూడే క్లస్టర్లు మిగిలాయి, ఆ మూడూ నిండాయి, మిగతా ఫైల్‌కి చోటు లేదు. ఆ సంగతి ప్రోగ్రామ్ గమనించకుండా కాపీ పూర్తయిందనుకుని అసలు ఫైల్‌ని తీసేసింది. ఆ తర్వాతి ఫైల్‌కి ఒక్క క్లస్టర్ కూడా లేదు కాబట్టి దానికి మాత్రం ఎర్రర్ వచ్చింది.

దాంతో పరీక్ష మార్చాను. 64 ఎంబీ ఇమేజ్, 32 కేబీ క్లస్టర్లు, ఒక్క పెద్ద ఫైల్ బదులు మూడు నాలుగు వందల కేబీ సైజున్న ఫైళ్లు బోలెడు. మొదటిసారే దొరికింది. ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏం అడిగిందో, ఏం జవాబొచ్చిందో చూపించే ఎస్‌ట్రేస్‌లో మూడు లైన్లు పక్కపక్కనే కనిపించాయి. 4,12,673 బైట్లు రాయమని రైట్ కాల్, దానికి కెర్నెల్ జవాబు 98,304. తర్వాత క్లోజ్, జవాబు సున్నా. ఆ వెంటనే అసలు ఫైల్ మీద అన్‌లింక్, అంటే తీసేయమని, జవాబు సున్నా, అంటే సరే అని. కెర్నెల్ ఎక్కడా అబద్ధమాడలేదు. ఇంతే రాయగలిగాను అని చెప్పింది, ప్రోగ్రామ్ వినిపించుకోలేదు.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లు ఎలా నడవాలో చెప్పే పాసిక్స్ ప్రమాణంలో ఇది స్పష్టంగానే ఉంది. 20 బైట్లకే చోటున్నప్పుడు 512 బైట్లు రాయమంటే రైట్ 20 అని తిరిగి ఇస్తుంది, ఆ తర్వాతి పిలుపుకి గానీ ఎర్రర్ రాదు. అప్‌స్ట్రీమ్ కోడ్‌లో జవాబు సున్నా కంటే తక్కువా అని మాత్రమే చూస్తున్నారు. పెద్ద ఫైలైతే తర్వాత ఇంకో ముక్క రాయాల్సి ఉంటుంది కాబట్టి ఆ పిలుపులో ఎర్రర్ బయటపడుతుంది. నా మొదటి పరీక్షలన్నీ అందుకే పాసయ్యాయి. సగమే రాసిన ఆ ముక్కే ఫైల్‌లో చివరి ముక్క అయితే, తర్వాతి పిలుపు ఉండదు, ఎర్రర్ కూడా ఉండదు.

ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు?

ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా ప్యాచ్ పంపకూడదనుకున్నాను. కారణం తెలిసినా చరిత్ర తెలియకపోతే స్టేబుల్‌లో, అంటే ఇప్పటికే విడుదలైన డెబియన్‌లో, ఉన్న వెర్షన్‌కి కూడా ఈ బగ్ ఉందో లేదో చెప్పలేం. పాత విడుదలల మధ్య తేడాలు తీసి చూస్తే సున్నా కంటే తక్కువా అన్న ఆ పోలిక మొదటి నుంచీ అలాగే ఉంది. మారింది బఫర్ సైజు, అంటే ఒక్కో పిలుపులో రాసే ముక్క సైజు. పాతవాటిలో 4 కేబీ, ఒక విడుదలలో కాపీ వేగం పెంచడానికి దాన్ని 1 ఎంబీ చేశారు. మార్పుల జాబితాలో ఒక్క ముక్కలో ఉంది, కాపీ వేగం మెరుగుపరిచాం అని.

4 కేబీ ముక్కలు 32 కేబీ క్లస్టర్ సరిహద్దులకి సరిగ్గా అతుకుతాయి. ఒక ముక్కకి చోటుంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా ఉండదు. సగం రాయడం అనే పరిస్థితే దాదాపు రాదు. బఫర్ 1 ఎంబీ అయ్యాక స్కాన్ చేసిన పీడీఎఫ్ లాంటివి ఒకే పిలుపులో వెళ్లిపోతాయి, మొదటి ముక్కా చివరి ముక్కా అదే. వేగం పెంచిన మార్పులో తప్పేం లేదు, నిజంగానే వేగం పెరిగింది. కానీ దాని కింద ఎన్నో ఏళ్లుగా నిద్రపోతున్న తప్పు లేచింది.

కంపైలర్ ఎందుకు చెప్పలేదన్నది కూడా చూశాను. డెబియన్‌లో హార్డెనింగ్ ఫ్లాగ్‌లతో, అంటే భద్రత పెంచే కంపైలర్ ఆప్షన్లతో, బిల్డ్ చేస్తాం. వాటిలో ఒకటైన ఫోర్టిఫై సోర్స్ ఆన్ చేసి ఉంటే రైట్ ఇచ్చిన జవాబుని వాడకుండా వదిలేసినప్పుడు వార్నింగ్ వస్తుంది. కానీ జవాబుని అసలు చూశారా లేదా అన్నంతవరకే దానికి పట్టింపు. సున్నా కంటే తక్కువా అని అడిగారు కాబట్టి దాని దృష్టిలో చూసినట్టే. వార్నింగ్‌లు లేని బిల్డ్ లాగ్ చూసి నిశ్చింతగా ఉండే మెయింటెయినర్లకి ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న విషయం.

పనిచేసిన ప్యాచ్

పరిష్కారానికి రెండు దారులున్నాయి. ఒకటి, కాపీ చేసే భాగాన్ని మొత్తం తీసేసి జీఐఓ అనే లైబ్రరీలో ఉన్న ఫైల్ మూవ్ ఫంక్షన్‌కి అప్పగించడం. దీర్ఘకాలంలో అదే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ప్రోగ్రెస్ బార్, మధ్యలో రద్దు చేయడం, సింబాలిక్ లింకుల విషయంలో ప్రవర్తన అన్నీ దాంతోపాటు మారతాయి. హార్డ్ ఫ్రీజ్‌లో రిలీజ్ టీమ్‌ని అలాంటిది ఒప్పుకోమని అడగడం సబబు కాదు. రెండోది, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి తప్పు ఉన్నచోట మాత్రమే సరిచేయడం. ఇదే ఎంచుకున్నాం.

రాయమన్నదంతా రాసేదాకా తిరిగే చిన్న ఫంక్షన్ ఒకటి పెట్టాం. కెర్నెల్ కొంతే రాస్తే మిగిలిన దగ్గర నుంచి మళ్లీ పిలుస్తుంది, సిగ్నల్ వల్ల ఆగితే మళ్లీ ప్రయత్నిస్తుంది, సున్నా వస్తే ఎర్రర్‌గా తీసుకుంటుంది. క్లోజ్ ఇచ్చే జవాబుని కూడా చూడటం మొదలుపెట్టాం, ఎందుకంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, డిస్క్ కోటాలు ఉన్నచోట చోటు అయిపోయిన సంగతి క్లోజ్ దగ్గర బయటపడొచ్చు. కాపీ విఫలమైతే అవతల మిగిలిన సగం ఫైల్‌ని తీసేస్తాం, సగం ఫైల్ అక్కడే ఉంటే చూసినవాళ్లు వచ్చేసిందనుకుంటారు.

చివరగా, అసలు ఫైల్‌ని అన్‌లింక్ చేసే ముందు కొత్త ఫైల్ సైజుని చదివిన బైట్ల లెక్కతో పోలుస్తాం. పై మార్పుల తర్వాత ఇది అనవసరం కదా అని సమీక్షలో ఒకరు అడిగారు. నా వాదన వేరు. ఒకే ఫైల్ సిస్టమ్‌లో అయితే రీనేమ్ కాల్ ఒక్కటే చాలు, మధ్యలో ఏ ప్రమాదమూ లేదు. వేర్వేరు ఫైల్ సిస్టమ్‌ల మధ్య రీనేమ్ కుదరదు కాబట్టి కాపీ చేసి తీసేయాలి, ఆ తీసేయడం వెనక్కి తిప్పలేని పని. ఇల్లు మారేటప్పుడు సామానంతా దిగిందని లెక్క చూసుకున్నాకే కదా పాతింటి తాళాలు అప్పజెప్పేది. ఎర్రర్ ఏదీ రాలేదు కాబట్టి తీసేద్దాం అన్న తర్కం మీద ఆ అడుగు వేయకూడదు, పూర్తిగా చేరిందని చూసి వేయాలి. సైజు అడిగే ఒక్క ఎఫ్‌స్టాట్ పిలుపు ఖర్చు ఎవరికీ తెలియదు కూడా. ఆయన ఒప్పుకున్నారు.

పరీక్షల్లో ఇంకోటి దొరికింది. నేను అలవాటుగా టెస్ట్ ఫైళ్లకి తెలుగు పేర్లు పెడతాను. ఎర్రర్ డైలాగ్ పేరుని నిర్ణీత బైట్ల దగ్గర కోసి చూపిస్తోంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు కాబట్టి కోత అక్షరం మధ్యలో పడి, అక్షరాలు గీసే పాంగో లైబ్రరీ చెల్లని యూటీఎఫ్-8 అని వార్నింగ్ ఇచ్చి పేరు పాడుచేసి చూపించింది. ఇంగ్లీషు పేర్లతో ఇది ఎప్పటికీ కనపడదు. నాకు స్వయంగా పట్టింపు ఉన్న బగ్ ఇది, ప్యాచ్ కూడా చిన్నదే. అయినా ఇదే అప్‌లోడ్‌లో కలపలేదు, విడిగా రిపోర్ట్ వేసి పక్కన పెట్టాను. డేటా పోయే బగ్‌కి వేసే ప్యాచ్‌ని చదివేవాళ్ల దృష్టి దానిమీదే ఉండాలి. ఫ్రీజ్‌లో అన్‌బ్లాక్, అంటే మార్పుని లోపలికి రానివ్వమని రిలీజ్ టీమ్‌ని, అడిగేటప్పుడు పక్కన ఇంకేదైనా కనిపిస్తే అసలుదానికే ఆలస్యమవుతుంది.

అప్‌లోడ్ చేశాక రెండు వెర్షన్ల మధ్య తేడా, పరీక్ష ఎలా చేయాలో జతచేసి అన్‌బ్లాక్ అడిగాను. అది పెద్దగా చర్చ లేకుండా అయిపోయింది. స్టేబుల్‌లో ఉన్న వెర్షన్‌లో కూడా 1 ఎంబీ బఫరే ఉంది కాబట్టి అదే ప్యాచ్‌ని పాయింట్ రిలీజ్ కోసం, అంటే స్టేబుల్‌కి అప్పుడప్పుడు వచ్చే సవరణల విడుదల కోసం, విడిగా పంపాను. ఆ రోజుల్లో ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టిన భాగం, ఎందుకంటే ఎక్కువమంది వాడుతున్నది స్టేబులే, పాయింట్ రిలీజ్ వచ్చేదాకా వాళ్లు అదే కోడ్‌తో ఫైళ్లు పంపుతూనే ఉంటారు. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్ చూసేవాళ్లకి అదే రోజు మెయిల్ పెట్టాను, వాళ్లు దాన్ని పోర్ట్ ఫైల్స్ డైరెక్టరీలో ప్యాచ్‌గా వేసుకున్నారు. అప్‌స్ట్రీమ్ ఆయనకి ప్యాచ్‌తో పాటు ఇమేజ్ తయారుచేసే స్క్రిప్ట్ కూడా పంపాను. తన దగ్గర నడిపి చూసుకోగలిగితేనే ఎవరైనా త్వరగా ఒప్పుకుంటారు. ఆయన ఈసారి త్వరగానే జవాబిచ్చాడు, ప్యాచ్ తీసుకున్నాడు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

కొత్త విడుదల తెచ్చేటప్పుడు ఇప్పుడు నేను ఫైళ్లు రాసే, తీసేసే చోట్ల తేడాని మొత్తం చదువుతాను, మార్పుల జాబితా ఎంత చిన్నగా ఉన్నా సరే. వేగం పెరిగింది అన్న ముక్క కనిపిస్తే ఇంకా శ్రద్ధగా చదువుతాను. డిస్క్ నిండే పరీక్షని పెద్ద ఫైల్‌తో ఒకసారి, బఫర్ కంటే చిన్న ఫైళ్ల గుంపుతో ఒకసారి చేస్తాను. ఈ రెండూ వేర్వేరు పరీక్షలని ఈ కేసుకి ముందు ఎవరైనా చెప్పినా అంత గట్టిగా అర్థమయ్యేది కాదేమో. స్క్రిప్ట్‌ని ప్యాకేజీలోనే పెట్టాను, రేపు ఈ ప్యాకేజీ ఇంకొకరి చేతికి వెళ్లినా వాళ్లకి దొరుకుతుంది. రిపోర్ట్ రాసేవాళ్లని పోయిన ఫైల్ సైజు బైట్లలో అడగడం కూడా అలవాటు చేసుకున్నాను, ఎందుకంటే కేబీ, ఎంబీలలో చూపించే సైజు గుండ్రం చేసి ఉంటుంది, 98,304 అన్నది అందులో 96 కేబీగా కనిపించి మామూలు అంకెలా జారిపోతుంది.

రిపోర్ట్ పంపినాయన పోగొట్టుకున్న కాగితం అసలు ప్రతి తన దగ్గరే ఉందని, మళ్లీ స్కాన్ చేసుకున్నానని చెప్పాడు. ప్యాచ్ ఉన్న వెర్షన్‌ని అదే పెన్‌డ్రైవ్‌తో తానే పరీక్షించి బగ్ మూసేయొచ్చని రాశాడు.

ఇంకా తేలని విషయం ఒకటుంది. కాపీ జరుగుతుండగా కరెంటు పోతే అవతల సగం ఫైల్ అసలు పేరుతోనే మిగులుతుంది. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక రీనేమ్ చేస్తే ఆ గందరగోళం ఉండదు. కానీ ఇలా చేస్తే ఇప్పటికే ఉన్న ఫైల్ మీద ఓవర్‌రైట్ చేసేటప్పుడు పాతదీ కొత్తదీ రెంటికీ ఒకేసారి చోటు కావాలి, నిండిపోయే పెన్‌డ్రైవ్‌లలో అదే సమస్య అవుతుంది. ఓవర్‌రైట్‌కి ఒక దారి, కొత్త ఫైల్‌కి ఒక దారి పెడదామని అప్‌స్ట్రీమ్ ఆయన అంటున్నాడు, రెండు దారులుంటే పరీక్షలు కూడా రెండింతలు అవుతాయని నేనంటున్నాను. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.